గంజాయి పొగలో మన బిడ్డలు: సంఘం ఏం చేయాలి?

ధ్యాన భాగం: దానియేలు 1:8–16, 1 కొరింథీయులకు 6:19–20



ఈ వారం గంజాయి గురించి మాట్లాడుకుందాం. వాక్యం చదువుకునే చోట ఈ మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇంటర్ ఫలితాల కోసం, ఎప్‌సెట్ ర్యాంకు కోసం ప్రార్థన చేయించుకునే తల్లులే ఈ మధ్య ఇంకో మనవి తెస్తున్నారు. అందరిలో చెప్పరు. ఆరాధన అయిపోయి చెప్పులు వేసుకునేటప్పుడు పక్కకొచ్చి, "అయ్యగారూ, పేరు చదవకండి, మా పిల్లగాడి కోసం మీరొక్కరే ప్రార్థన చేయండి" అంటారు. కారణం అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. చెవిలో చెప్పుకునే ఈ మాట ఇన్ని ఇళ్లలో ఉన్నప్పుడు, దాన్ని వెలుగులోకి తెచ్చి మాట్లాడుకోవడమే మంచిది.

మా అభిప్రాయం ముందే చెబుతాం. గంజాయి చదువుకునే వయసు పిల్లలకు నిజంగా హాని చేస్తుంది. అయితే ఆ హానిని మనం రెండు పనులతో రెట్టింపు చేస్తున్నాం. ఒకటి, ఇంట్లో దాచిపెట్టడం. రెండోది, బయటపడ్డాక పిల్లవాణ్ణి వెలివేసినట్టు చూడడం. ఈ రెండూ మానుకుంటేనే మన బిడ్డలు మనకు దక్కుతారు.

ఇది మన దారిలోనే పోతోంది

తల్లాడ కూడలిలో నిలబడి చూడండి. ఒక దారి వైరా మీదుగా ఖమ్మం పోతుంది, ఒకటి కల్లూరు, సత్తుపల్లి వైపు పోతుంది, ఇంకొకటి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం పోతుంది. కొత్తగూడెం దాటితే పాల్వంచ, భద్రాచలం, గోదావరి అవతల చింతూరు, ఆపైన సీలేరు, మల్కన్‌గిరి కొండలు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని ఆ కొండల్లో ఏళ్ల తరబడి గంజాయి పండించారు. 'శీలావతి' రకం పేరు పోలీసు వార్తల్లో మీరందరూ వినే ఉంటారు. 2021 చివరలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో అక్కడి తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకును ఒకేచోట తగలబెట్టారు. అయినా రవాణా ఆగలేదు. భద్రాచలం దగ్గర కార్ల సీట్ల కింద, లారీల అడుగున దాచిన పొట్లాలు పట్టుబడుతూనే ఉన్నాయి. హైదరాబాద్‌కు, అక్కడి నుంచి మహారాష్ట్రకు పోయే సరుకు మన జిల్లాలను దాటుకునే పోవాలి. పోయేది పోతూ కొంత మన ఊళ్లలో దిగుతుంది.

ఇక్కడ ఒక మాట. "ఇదంతా ఏజెన్సీ వాళ్ల పని" అని కొందరు తేలిగ్గా అంటుంటారు. మన సంఘంలోనూ కోయ సహోదరులున్నారు, ఆ మాట వాళ్ల చెవిన పడుతుంది. కొండమీద మొక్క నాటిన పేదవాడికి పెట్టుబడి ఇచ్చి, సరుకు ఎత్తుకుపోయి, లాభం తిన్నది మైదానం నుంచి వెళ్లిన దళారులు. కేసు మాత్రం ఎక్కువసార్లు కొండ మనిషి మీదే పడింది. దోషం ఎవరిదో తూచేటప్పుడు తక్కెడ సరిగా పట్టుకోవాలని దేవుని వాక్యం మనకు నేర్పింది.

ఇప్పుడు ఇది బీడీలో నలిపి తాగే ఆకు రూపంలోనే లేదు. హ్యాష్ ఆయిల్ అని చిన్న సీసాల్లో వస్తోంది. చాక్లెట్ రూపంలోనూ వస్తోంది. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో బడి పిల్లలకే గంజాయి చాక్లెట్లు అమ్మిన సంగతి పత్రికల్లో వచ్చింది. పొగ అయితే తల్లికి వాసన తెలుస్తుంది. చాక్లెట్‌కు ఏ వాసన చూస్తుంది?

దేహంలో ఏం జరుగుతుంది?

గంజాయిలో మత్తు కలిగించే పదార్థాన్ని టీహెచ్‌సీ అంటారు. 1964లో దాన్ని విడదీసి చూపిన శాస్త్రవేత్త రాఫేల్ మెషూలమ్. ఆయన తర్వాత యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1992లో ఆయన బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. గంజాయి పనిచేసే తాళాలకు సరిపోయే తాళంచెవి మన మెదడులోనే పుడుతోంది. దానికి మన దేశపు మాటతోనే 'ఆనందమైడ్' అని పేరుపెట్టారు. ఆనందం అనే సంస్కృత పదం నుంచి వచ్చింది ఆ పేరు.

ప్రియులారా, ఈ సంగతి దగ్గర కాసేపు ఆగండి. ఆకలి, నిద్ర, జ్ఞాపకం, భయం, నొప్పి, వీటన్నిటినీ ఒక కొలతలో ఉంచడానికి సృష్టికర్త మన లోపల ఇలాంటి పదార్థాలను పెట్టాడు. అది చాలా కొద్దిగా పుడుతుంది, పని అయిన వెంటనే కరిగిపోతుంది. పొలానికి కాలువ నీళ్లు తూము ద్వారా వదిలినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. గంజాయి తాగడమంటే కట్ట తెంచి నీళ్లు వదలడం. ప్రతి మడినీ ఒకేసారి ముంచేస్తుంది. గంటల తరబడి తీయదు. రోజూ ముంచితే మెదడు తన తాళాలను తగ్గించుకుంటుంది. అప్పుడు మామూలు సంతోషాలు రుచించవు. అమ్మ వండిన కూర, స్నేహితులతో క్రికెట్, పాటల కూడిక, ఏదీ పట్టదు. పిల్లవాడు చెడిపోయాడని మనం అనుకుంటాం. లోపల అతని ఆనందపు కొలతే చెదిరిపోయింది.

ఈ చెదిరిపోవడం పెద్దవాళ్ల కంటే విద్యార్థులకే ఎందుకు ఎక్కువ? మెదడు కట్టడం దాదాపు 25 ఏళ్ల దాకా సాగుతుంది. చివరగా పూర్తయ్యేది నుదుటి వెనక భాగం. ముందు వెనకలు ఆలోచించడం, కోరికను ఆపుకోవడం దాని పని. ఇంకా స్లాబు ఆరని ఇంటి మీద బరువు పెడితే ఏమవుతుందో మేస్త్రీలను అడగండి. 15, 16 ఏళ్లకే మొదలుపెట్టినవాళ్లకు ప్రమాదం ఎక్కువ అని వైద్యులు చెప్పేది ఇందుకే.

చదువు మీద మొదటి దెబ్బ జ్ఞాపకానికి తగులుతుంది. కొత్తగా విన్నది మనసులో నిలవదు. రాత్రి చదివిన పాఠం తెల్లారేసరికి జారిపోతుంది. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యి మందిని పరిశోధకులు పుట్టినప్పటి నుంచి గమనిస్తున్నారు. కౌమారంలోనే మొదలుపెట్టి ఏళ్ల తరబడి బానిసలైనవాళ్లకు 38 ఏళ్లు వచ్చేసరికి తెలివితేటల కొలతలో సుమారు 8 పాయింట్లు తగ్గాయని 2012లో రాశారు. కవలల మీద చేసిన పరిశీలనలు ఈ లెక్కను ప్రశ్నించాయి, తేడాకు కుటుంబ పరిస్థితులు కూడా కారణం కావచ్చన్నాయి. కాబట్టి 8 అనే అంకెను పట్టుకుని ఎవరినీ భయపెట్టం. కానీ రోజూ మత్తులో ఉండే పిల్లవాడి చదువు వెనకబడుతుందనే విషయంలో ఎవరికీ అనుమానం లేదు.

రెండో దెబ్బ మనసుకు. 1969–70లో స్వీడన్ సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేల మందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించారు. అప్పటికే 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక రోగం మిగతావాళ్ల కంటే సుమారు 6 రెట్లు కనిపించింది. 2019లో యూరప్, బ్రెజిల్ నగరాల్లో జరిగిన పరిశోధన కూడా రోజూ తాగేవాళ్లకు మతి భ్రమించే అవకాశం 3 రెట్లు ఉందని, ఘాటైన సరుకు రోజూ వాడితే దాదాపు 5 రెట్లు ఉందని తేల్చింది. తాగిన ప్రతివాడికీ ఇది రాదు. ఎక్కువమందికి రాదు. కానీ ఎవరికి వస్తుందో ముందు చెప్పగలిగే వైద్యుడు లేడు. మేనమామకో, పెదనాన్నకో మానసిక జబ్బు ఉన్న ఇంటి పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

పిల్లలు అడిగే ప్రశ్నలు

యవ్వనస్తుల కూడికలో పిల్లలు సూటిగా అడుగుతారు. వాళ్లకు అబద్ధం చెప్పకూడదు. ఒక్క దమ్ముకే చచ్చిపోతావని బెదిరిస్తే, తాగి బతికున్న స్నేహితుణ్ణి చూసిన పిల్లవాడు ఆ తర్వాత మన మాట ఒక్కటీ నమ్మడు.

"మందు కంటే గంజాయి నయం కదా?" అంటారు. పురుగుల మందు తాగినట్టు గంజాయితో వెంటనే ప్రాణం పోవడం చాలా అరుదు, నిజమే. మద్యం మన దేశంలో ఇంకా పెద్ద కీడు. 2019లో ఎయిమ్స్ వైద్యులు ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్ల మంది. భంగు, గంజాయి, చరస్ వాడేవాళ్లు సుమారు 3 కోట్ల 10 లక్షలు. అయితే పాము కంటే తేలు నయమని తేలును జేబులో వేసుకుంటామా? ఇంకో సంగతి కూడా ఉంది. తండ్రి రోజూ సాయంత్రం బెల్టు షాపు నుంచి క్వార్టర్ తెచ్చుకుని తాగుతూ, కొడుకును గంజాయి విషయంలో కొడితే ఆ దెబ్బలో బుద్ధి ఉండదు, నొప్పి మాత్రమే ఉంటుంది. తండ్రులారా, ఇది మీరు ఆలోచించుకోవాలి.

"అలవాటు కాదంటగా?" అంటారు. తాగినవాళ్లలో పదిమందికి ఒకరు బానిస అవుతారు. కౌమారంలో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. మానేసిన మొదటి వారం రెండు వారాలు నిద్ర పట్టదు, అన్నం సయించదు, చిన్న మాటకే కోపం వస్తుంది. అలవాటు లేనిదైతే ఈ బాధ ఎందుకు?

"విదేశాల్లో మందుగా ఇస్తున్నారు కదా?" అంటారు. ఇస్తున్నారు. గంజాయి మొక్క నుంచి తీసిన, మత్తు లేని ఒక పదార్థాన్ని పిల్లల్లో వచ్చే కొన్ని అరుదైన మూర్ఛలకు మందుగా 2018లో అమెరికా అనుమతించింది. కొలత ప్రకారం, డాక్టరు చీటీతో ఇస్తారు. పౌలు కూడా తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం వాడమన్నాడు. ఆ సలహాను పట్టుకుని సారా దుకాణానికి పోయేవాడు వాక్యం చదివినవాడు కాడు.

"దేవుడే కదా మొక్కలన్నీ చేశాడు?" అనే చురుకైన పిల్లలూ ఉన్నారు. ఉమ్మెత్తను, గన్నేరును కూడా ఆయనే చేశాడు. వాటి కాయలు మనం కూర వండుకోవడం లేదు కదా.

దయ్యమా, జబ్బా?

ఇది మేము చాలా భారంతో రాస్తున్న భాగం. గంజాయి అలవాటున్న పిల్లవాడు ఒకరోజు గదిలో తలుపేసుకుంటాడు. ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారంటాడు, లేని గొంతులు వింటాడు, తల్లి పెట్టిన అన్నంలో విషం ఉందంటాడు. అప్పుడు ఇంటివాళ్లు గాలి సోకిందంటారు, చేతబడి అంటారు. మంత్రగాళ్ల దగ్గరకు కొందరు, ఉపవాస ప్రార్థనలకు కొందరు తీసుకుపోతారు. గొలుసులతో కట్టేసినవాళ్లూ ఉన్నారు. నెలలు గడిచిపోతాయి. మతి భ్రమించిన మొదటి రోజుల్లోనే వైద్యం అందితే కోలుకునే అవకాశం ఎక్కువ. ఆ విలువైన రోజులే మనం పోగొడుతున్నాం.

సంఘమా, ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. రాత్రంతా ప్రార్థించండి, తెల్లవారగానే బస్సు ఎక్కించి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకుపోండి. ఖమ్మంలో వైద్యులున్నారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. పౌలుతో చివరిదాకా ఉన్న లూకా వైద్యుడు. అపొస్తలుడు ఆయన్ను ఆ వృత్తి పేరుతోనే ప్రేమగా తలచుకున్నాడు. డాక్టరు రాసిన మాత్రలు మానిపించి నూనె రాస్తామనే వారు ఎవరైనా సరే, వారి మాట వినకండి.

ఇంకో మాట. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అని దాచిపెట్టి సంబంధాలు చూడకండి. మన కొడుకు జబ్బుకు ఇంకొకరి కూతురు మందు కాదు. ఇది ఆ అమ్మాయి మీద చేసే అన్యాయం, దేవుడు దానికి లెక్క అడుగుతాడు.

చట్టం గురించి తెలియాల్సినవి

1985 నాటి మత్తు పదార్థాల చట్టం ప్రకారం గంజాయి తాగినా నేరమే. ఆరు నెలల దాకా జైలు గానీ 10 వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కిలో లోపు దగ్గరుంటే ఏడాది దాకా, 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు శిక్ష. ఇక్కడ మన పిల్లలకు పెద్ద ఉచ్చు ఉంది. "ఈ బ్యాగు ఖమ్మంలో ఇచ్చిరా, మూడు వేలు ఇస్తా" అనేవాళ్లు పేద విద్యార్థులనే వెతుకుతారు. పట్టుబడితే వాళ్లు కనబడరు. ఇంత సరుకుతో దొరికినవాడికి బెయిలు రావడమే కష్టం. ఫీజు కోసమో, ఫోను కోసమో ఎత్తుకున్న ఒక్క సంచి పదేళ్ల బతుకును మింగేస్తుంది.

అదే చట్టంలో కనికరపు మాట కూడా ఉంది, చాలామందికి తెలియదు. వాడకం కేసులో గానీ, కొద్దిపాటి సరుకు కేసులో గానీ ఉన్న బానిస తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి ముందుకొచ్చి పూర్తి చేసుకుంటే, 64ఏ సెక్షన్ కింద అతనిపై విచారణ ఉండదు. లోకపు చట్టమే తిరిగి వచ్చేవాడికి ఒక తలుపు తెరిచి ఉంచితే, తప్పిపోయిన కుమారుడి తండ్రి గురించి ప్రతి ఏడూ ప్రసంగించే మనం తలుపు మూయవచ్చా? సంఘపు పుస్తకంలోంచి ఆ ఇంటి పేరు కొట్టేయాలని, ఆ తల్లిని ప్రభువు బల్లకు రానివ్వకూడదని అనే పెద్దలతో మేము ఏకీభవించం. కాలేజీలు కూడా టీసీ చేతిలో పెట్టి పంపేస్తే సమస్య తీరదు. చదువూ పోయి, స్నేహమూ పోయిన పిల్లవాడికి మిగిలేది అమ్మేవాడి స్నేహమే. అమ్మేవాడిని మాత్రం ఉపేక్షించకూడదు. అతను మన బంధువైనా, మన సంఘస్థుడైనా సరే పోలీసులకు చెప్పాల్సిందే.

బబులోను హాస్టల్లో నలుగురు

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయాన్ని హాస్టల్లో ఉన్న విద్యార్థి కళ్లతో చదవండి. ఊరు విడిచి దూరం పోయారు. మూడేళ్ల కోర్సు. ప్రభుత్వ ఖర్చుతో తిండి. పేర్లు కూడా మార్చేశారు. అడిగే అమ్మానాన్నలు దగ్గర లేరు. తింటున్నదీ తాగుతున్నదీ ఎవరూ చూడరు. అక్కడ దానియేలు తన మనసులో ముందే ఒక నిర్ణయం చేసుకున్నాడు. పళ్లెం ముందుకు వచ్చాక ఆలోచించలేదు. అతను గొడవ కూడా చేయలేదు. మర్యాదగా అడిగాడు, పది రోజుల గడువు పెట్టుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా లేడు. హనన్యా, మిషాయేలు, అజర్యా పక్కన ఉన్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గంజాయి మొదటిసారి ఇచ్చేది దొంగ కాదు, ఎక్కువసార్లు స్నేహితుడే ఇస్తాడు. "ఒక్కసారికి ఏం కాదురా" అంటాడు. ఆ మాటకు జవాబు ఆ క్షణంలో దొరకదు, ముందే ఉంచుకోవాలి. హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మీ ముగ్గురు స్నేహితులను వెతుక్కోండి.

ఇంకొక్కటి ధ్యానించండి. సిలువ దగ్గర సైనికులు ప్రభువుకు బోళము కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారు. నొప్పి తెలియకుండా చేసే పానీయమని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. ఆయన పుచ్చుకోలేదు. మన పిల్లలు కూడా ఎక్కువగా మత్తుకు పోయేది నొప్పి మరిచిపోవడానికే. మార్కులు రాలేదనో, ఇంట్లో గొడవలనో, ఇంగ్లీషు రాక క్లాసులో నవ్వులపాలయ్యామనో. మెలకువతో నొప్పి మోసిన ప్రభువు ఆ నొప్పి ఎరిగినవాడు. ఆ పిల్లవాడి దగ్గర కూర్చుని "నీకేం కష్టం నాయనా" అని అడిగేవారు కావాలి. దేహం దేవుని ఆలయమని పౌలు కొరింథు వారికి రాసింది ఒకరిని గద్దించడానికి మాత్రమే కాదు. ఆలయం పగిలితే కట్టుకుంటాం గాని వదిలేసి పోము.

మా మనవి

తల్లిదండ్రులారా, కళ్లు ఎర్రబడడం, ఎప్పుడూ కళ్లలో చుక్కల మందు వేసుకోవడం, అగరుబత్తి, సెంటు వాసనతో గది నింపడం, వేళ కాని వేళ తీపి మీద ఆకలి, డబ్బు లెక్క తెలియకపోవడం, పాత స్నేహితులు మాయమవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే గమనించండి. ఒక్క గుర్తు పట్టుకుని నిందించకండి. తెలిసిన రాత్రే కొట్టకండి. తెల్లారాక, అన్నం పెట్టాక, ఇద్దరే కూర్చుని అడగండి.

ఫోన్ నంబర్లు రాసుకోండి. మత్తు మానడానికి సలహా కోసం 14446. మనసు బాగోలేనప్పుడు టెలీమానస్ 14416. అమ్మేవాళ్ల సమాచారం చెప్పడానికి తెలంగాణలో 1908.

సంఘ పెద్దలకు, యవ్వనస్తుల నాయకులకు మేము అడిగేది ఇదే. ఈ ఇళ్ల వాళ్లు వచ్చి చెప్పినప్పుడు ఆ మాట మీ ఇంట్లో మీ భార్యకైనా చెప్పకండి. మాట దాటదని నమ్మకం కుదిరితేనే తల్లి ముందే వస్తుంది. ముందే వస్తేనే పిల్లవాడు దక్కుతాడు.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, హాస్టళ్లలో, అద్దె గదుల్లో, కాలువ గట్ల మీద ఉన్న మా బిడ్డలను నీ చేతికి అప్పగిస్తున్నాం. మత్తులో ఉన్నవారికి మెలకువ ఇవ్వు. భయపడి దాచుకున్న తల్లులకు ధైర్యం ఇవ్వు. వైద్యుల చేతులను దీవించు. అమ్మేవారి మనసు మార్చు. మా సంఘం నోటికి కాపలా పెట్టి, మా వాకిలి తెరిచి ఉంచు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.